నీడన పెట్టిన వ్యాను

ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకి. ఒకసారి వీధిలో ఎవరిదో ఆటో సెల్ఫ్ కొడుతున్నా స్టార్టవ్వని చప్పుడు విని. మూడోసారి ఎందుకో నాకే తెలియదు. మా ఆవిడ విసుక్కుంది. "కాలు కాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు? రాస్తే రాయండి, లేకపోతే కూరలైనా తెచ్చిపెట్టండి" అంది.

నేను నలభై ఏళ్ళు బళ్ళకి కరెంటు పని చేసినవాణ్ణి. మొదట పదహారేళ్ళు బస్సు డిపోలో, ఆ తర్వాత రాజమండ్రి హైవే పక్కన బాడీలు కట్టే ఒక షెడ్డులో. ఏ వైరు ఎక్కడ కలపాలో ఈ రోజుల్లో ఫోన్లో చూసి నేర్చుకోవచ్చు, దాని గురించి నేను రాయను. పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒక వ్యాను సంగతి. అది చెప్పేదాకా నాకు కుదురు ఉండదు. కానీ దానికంటే ముందు ఇద్దరి గురించి చెప్పాలి. వాళ్ళిద్దరూ నాకు నేర్పిందే నేను మర్చిపోయాను కాబట్టి.

డ్రైవర్ని అడిగావా?

డిపోలో మా ఫోర్‌మన్ అప్పలస్వామి గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆయన దగ్గర తిట్లు తినని రోజు ఉంటే ఆ రోజు ఆయన సెలవులో ఉన్నట్టు లెక్క.

ఒక బస్సుకి రోజూ పొద్దున్నే బ్యాటరీ పడుకునేది. పల్లెలో నిద్ర చేసే బస్సు అది. ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ విప్పాను, మార్చాను, వైర్లన్నీ వెతికాను. నాలుగు రోజులు దాని కిందే పడుకున్నాను. నాకు మొదటినుంచీ తొందరెక్కువ. చెయ్యి ఏదో ఒకటి విప్పుతూ ఉంటే పని జరుగుతున్నట్టే అనిపించేది. అయిదో రోజు అప్పలస్వామి గారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఒరేయ్ భాస్కరం, డ్రైవర్ని అడిగావా?"

"ఆయన్నేం అడగాలండి? మీటరు పెట్టి చూస్తున్నాను కదా."

"మీటరు నీకు అబద్ధం చెప్పదు, నిజమే. అడగనిది మాత్రం చెప్పదు రా. పోయి అడుగు."

అడిగాను. డ్రైవరు మంచివాడు, భక్తుడు. ముందు అద్దం పైన దేవుడి పటానికి రంగు బల్బుల దండ కట్టి, తీగ నేరుగా బ్యాటరీకి తగిలించుకున్నాడు. దేవుణ్ణి చీకట్లో ఉంచకూడదని తెల్లవార్లూ వెలిగించేవాడు. పగలు మా దగ్గరికి వచ్చేముందు దండ తీసి జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకునేవాడు. డిపో అంతా వారం రోజులు నన్ను చూసి నవ్వింది.

నూకాలమ్మ బండెక్కిన పూట

షెడ్డుకి మారాక నూకాలమ్మ గారు వచ్చింది. యానాం దగ్గర మత్స్యకారుల ఇంటి మనిషి. చిన్న వ్యాను కొనుక్కుని, తొట్లలో బతికున్న కొర్రమీనులు వేసుకుని ఊరూరా అమ్మేది. తొట్లలో గాలి పంపు ఆగకుండా తిరగాలి. పంపు ఆగితే చేప చస్తుంది, చచ్చిన కొర్రమీనుని ఎవరూ ముట్టుకోరు.

ఇలాంటి బళ్ళకి రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి ఇంజన్‌ని లేపడానికి. రెండోది ఇంజన్ ఆపేశాక లోపలి సామాను నడపడానికి. ఆ రెండోదాన్ని మేం ఇంటి బ్యాటరీ అనేవాళ్ళం. నేను మధ్యలో రెంటినీ కలిపే రిలే ఒకటి పెట్టి, ఇంజన్ తిరుగుతుంటే రెండూ నిండేలా చేసిచ్చాను. వారం తిరక్కుండానే ఆవిడ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి కేకలేసింది.

"పది గంటలకల్లా పంపు ఆగిపోతోందయ్యా! నువ్వు చేసిన పని చూసుకో."

మీటరు పెట్టి చూపించాను. అంతా సరిగ్గానే ఉందన్నాను.

"నీ మీటరు సంగతి నాకెందుకు? నా బండెక్కి ఒక్క పూట తిరుగు."

ఎక్కాను. అయిదు నిమిషాలు నడపడం, అరగంట ఆపి అమ్మడం, మళ్ళీ అయిదు నిమిషాలు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కలిపితే ఇంజన్ తిరిగింది గంట కూడా లేదు. పైగా కొత్త రకం బళ్ళలో ఇంజన్ బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్ తన జోరు తగ్గించుకుంటుంది. వెనక ఉన్నదానికి మిగిలేది ఎంగిలి మెతుకులే. రాత్రిపూట ఇంటి దగ్గర ప్లగ్గుకి పెట్టి నింపుకునే చార్జరు, కాస్త పెద్ద బ్యాటరీ పెట్టిచ్చాను. ఆవిడ గొడవ తీరిపోయింది.

బ్యాటరీని ఇంజన్ నుంచి నింపాలా, ప్లగ్గు నుంచా, ఎండ నుంచా అన్నది ఆ బండి మనిషి రోజు ఎలా గడుస్తుందో చూసి తేల్చుకోవాలి. ఆ పూట నేను నేర్చుకున్నది అదే. చాలామందికి ఈ సంగతి గొప్పగా చెప్పాను కూడా.

ప్లగ్గు అడిగితే భోజనం పెడతారు

సత్యవతి టీచరు గారు, ఆవిడ భర్త రత్నం గారు ధవళేశ్వరం వాళ్ళు. ఇద్దరూ రిటైరయ్యారు. పాత పన్నెండు సీట్ల వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, లోపల మంచం, వంటబల్ల, చిన్న ఫ్రిజ్ పెట్టించుకుంటున్నారు. రత్నం గారు ఉద్యోగమంతా కాలవల ఆఫీసులో చేశారు. ఏ కాలవకి ఎన్ని నీళ్ళు వదలాలో కాగితం మీద రాశారు గానీ, ఆ నీళ్ళు ఏ ఊరి పక్కనుంచి వెళ్తాయో సగం చూడలేదట. ఇప్పుడు అన్నీ వరసగా చూడాలని ఆయన కోరిక.

ఫ్రిజ్ కూరగాయల కోసం కాదు. ఆయనకి పాతికేళ్ళుగా షుగరు. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి, దాన్ని చల్లగా ఉంచాలి. ఈ మాట టీచరు గారు నాకు మొదటి రోజే రెండుసార్లు చెప్పారు.

నేను ముందుగా ప్లగ్గు మాట ఎత్తాను. "ఎక్కడాగితే అక్కడ ఎవరింట్లోనైనా వైరు లాక్కోవచ్చండి. తెల్లారేసరికి నిండిపోద్ది."

"బాబ్బాబు, అది మాత్రం వద్దండి" అన్నారు టీచరు గారు. "మన వైపు ప్లగ్గు అడిగితే ప్లగ్గిచ్చి ఊరుకుంటారా? ముందు కాళ్ళు కడుక్కోమంటారు. తర్వాత విస్తరేస్తారు. ఈయనకి వద్దనడం చేతకాదు."

"పెట్టేవాళ్ళ మనసు కష్టపెట్టకూడదు కదండీ" అన్నారు రత్నం గారు నా వైపు చూసి.

"విన్నారా? అందుకే అసలు ఎవరి గుమ్మమూ ఎక్కకూడదని ఈ వ్యాను."

నవ్వాం. ఆవిడ అన్నది అబద్ధం కాదు, మా జిల్లాల్లో అంతే. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మా వైపు ఒకటి అడిగితే పది పెడతారు.

ఇక మిగిలింది ఇంజను, ఎండ. రోజుకి ఎంత దూరం తిరుగుతారని అడిగాను. తిరిగేదేముంది, ఒకచోటికి వెళ్ళి నాలుగు రోజులుంటామన్నారు. అంటే ఇంజన్ ఒక్కటే చాలదు. కానీ రోజుకో గంట తిప్పినా ఎంతో కొంత నిండేలా ముందునుంచి వెనక్కి లావు కేబులు లాగి, మధ్యలో చార్జరు పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. ఎందుకంటే అప్పటికే నేల చెక్కలు బిగించేశారు, పైన మ్యాటు అంటించేశారు. మళ్ళీ అదంతా పీకడానికి నాకు ఓపిక లేదు. వెనకాల ఇంకో బండి కాచుకుని ఉంది, నా ప్రాణం దాని మీదుంది.

"మన దగ్గర ఎండకేం కరువండి?" అన్నాను. వ్యాను నెత్తిన సోలార్ ప్యానెల్ బిగించాను. ఇంటి బ్యాటరీకి ఆ ఒక్క దారే పెట్టి పంపించాను.

ఎంత తిరుగుతారని అడిగినవాణ్ణి, ఎక్కడ ఆపుతారని అడగలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడెవడైనా బండిని ఎండలో వదులుతాడా? తొక్కుడు సైకిలైనా నీడకి జరుపుతాడు. టైరు పాడవుద్దంటాడు, సీటు కాలుద్దంటాడు. మా షెడ్డు ముందున్న ఒక్క నిద్రగన్నేరు చెట్టు కింద చోటు కోసం బళ్ళవాళ్ళు రోజూ పోట్లాడుకునేవారు, నేనే మధ్యవర్తిని. అయినా ఎండ మీద బతికే పలకని నెత్తిన పెట్టుకున్న వ్యాను కూడా పోయి పోయి నీడలోనే ఆగుతుందని నా బుర్రకి తట్టలేదు.

బ్యాటరీకి నోరు లేదు

మొదటిసారి కోనసీమ వెళ్ళారు. కొబ్బరితోటలో, కాలవ గట్టున పెట్టుకున్నారు. మూడో రోజు ఫ్రిజ్ ఆగిపోయింది. ఆ పూటే ఇంటికొచ్చేశారు, మందుకి ఏమీ కాలేదు. మర్నాడు వ్యాను షెడ్డుకి తెచ్చారు.

నేను పైకెక్కాను. ప్యానెల్ మీద కొబ్బరి పూత రాలి పొడిలా పరుచుకుంది, మధ్యమధ్య కాకిరెట్టలు. మూడు రోజులూ చెట్ల కింద ఉందని ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. తప్పు నాది. ఒక్క దారే పెట్టాను, ఆ దారి కూడా ఎలా వాడుకోవాలో చెప్పలేదు.

కిందకి దిగాను. షెడ్డు ఓనరు ఉన్నాడు, ఇంకో ఇద్దరు బళ్ళవాళ్ళు ఉన్నారు. టీచరు గారు నా మొహంలోకి చూస్తున్నారు.

"సెల్లు డిఫెక్టండి" అన్నాను. "బ్యాటరీలో వచ్చిన లోపం. కొత్తది మార్పిస్తాను."

మా పనిలో ఇదొక పాత అలవాటు. ఎవరి పొరపాటైనా బ్యాటరీ మీదకి తోసేస్తాం, దానికి నోరు లేదు గనక. కొత్తగా వచ్చేవాళ్ళకి ఇది మొదటి ఏడాదే అబ్బుతుంది. నాకు సిగ్గేసింది. నలుగురిలో తప్పు ఒప్పుకోలేకపోయాను. పోనీ కనీసం "బండి కాస్త ఎండలో పెట్టండి" అని ఉండొచ్చు. అంటే "మరి ముందే చెప్పలేదేంటండీ" అని అడుగుతారు. అందుకని ఆ మాట కూడా మింగేశాను.

కొత్త బ్యాటరీ షెడ్డులో కరెంటు మీద నిండా నింపి బిగించాను. ఫ్రిజ్ చక్కగా తిరిగింది. టీచరు గారు నాకు దణ్ణం పెట్టి వెళ్ళారు.

రెండోసారి ఎండాకాలంలో వెళ్ళారు, పట్టిసీమ వైపు. ఏటిగట్టు దిగువన మామిడితోటలో దట్టమైన నీడ చూసుకుని వ్యాను ఆపారు. మూడో రోజు పొద్దున్న టీచరు గారు ఫోన్ చేశారు.

"భాస్కరం గారూ, ఫ్రిజ్ లైటు ఒక్కోసారి పోతోందండి. మళ్ళీ వస్తోంది. పర్వాలేదంటారా?"

ఏం జరుగుతోందో నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు. ఆకుల సందునుంచి కాస్త ఎండ తగిలినప్పుడు బ్యాటరీ కొంచెం తేరుకుంటుంది, లైటు వెలుగుతుంది, ఫ్రిజ్ నాలుగు నిమిషాలు తిరిగి ఆగుతుంది. ఆ లైటు చూసి చల్లగానే ఉందనుకుంటారు, లోపల మందు మాత్రం ఎండాకాలపు వేడికి ఉడికిపోతూ ఉంటుంది. ఆ ఫోన్లోనే చెప్పేసి ఉండాల్సింది.

"కొత్త బ్యాటరీ కదండీ, సర్దుకుంటుంది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూర్చోలేకపోయాను. షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. మళ్ళీ ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను, రెండుసార్లూ జేబులో పెట్టేశాను. ఎవరో హారను మోగట్లేదని వస్తే ఆ పనిలో పడిపోయాను. వాళ్ళు ఆ తోటలో ఇంకో మూడు రోజులున్నారు.

ఆస్పత్రిలో విన్నది

రత్నం గారిని రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చారని షెడ్డు ఓనరు చెప్పాడు. వాంతులు, మగత, షుగరు ఎక్కడికో పోయింది. కాలి వేలి మీద చిన్న పుండు ఉంటే అది ముదిరిపోయి, ఆ వేలు తీసెయ్యాల్సి వచ్చింది.

చూడ్డానికి వెళ్ళాను. గది తలుపు ఓరగా ఉంది. లోపల టీచరు గారి గొంతు.

"ఎవరింట్లో తిన్నారో ఇప్పుడైనా చెప్పండి. ఆ తోటవాళ్ళు ఏమైనా పెట్టారా?"

"తినలేదు సత్యవతీ."

"మరి షుగరు అంత ఎలా పెరిగిందండి? ఇన్సులిన్ నా చేత్తో వేశాను. ఒక్క పూట తప్పలేదు. మందు చెడిపోయిందేమోనని డాక్టరు గారు అడిగితే, కొత్త బ్యాటరీ, ఫ్రిజ్‌లోనే ఉందండీ అని చెప్పాను. ఇక మిగిలింది మీ నోరే కదా?"

"నీ మీదొట్టు, నేనేం తినలేదు."

"నా మీద ఒట్లెయ్యకండి. ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను మిమ్మల్ని."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను లోపలికి అడుగు పెట్టగానే టీచరు గారు కళ్ళు తుడుచుకుని, "చూడండి భాస్కరం గారూ, ఒక్కొక్కరి తప్పు ఎక్కడిదాకా తెస్తుందో" అన్నారు. ఆవిడ అన్నది భర్తని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అక్కడ కూడా నోరు విప్పలేదు. "వ్యాను తాళాలు ఇవ్వండమ్మా, ఒకసారి అంతా సరిచూస్తాను" అన్నాను. ఇచ్చారు.

నాలుగు రోజులు ఆ వ్యాను మీద పడ్డాను. మ్యాటు చించాను, చెక్కలు పీకాను. ఇంజన్ దగ్గర్నుంచి వెనక్కి లావు కేబులు లాగాను, రెండు చివర్లా ఫ్యూజులు పెట్టాను, మధ్యలో డీసీ చార్జరు బిగించాను. ఆల్టర్నేటర్ జోరు తగ్గించుకున్నా ఇంటి బ్యాటరీకి కావలసినంత అది పుంజుకుని ఇస్తుంది. నెత్తిమీద ప్యానెల్ ఊడదీసి మడత స్టాండుకి బిగించి, ముప్పై అడుగుల వైరిచ్చాను. వ్యాను నీడలో ఉండొచ్చు, ప్యానెల్ వెళ్ళి ఎండలో కూర్చుంటుంది. బయల్దేరే ముందు సొంత ఇంట్లోనే నింపుకోవడానికి ప్లగ్గు చార్జరు కూడా పెట్టాను. బ్యాటరీ తగ్గితే కూసే మీటరు మంచం పక్కన, ఫ్రిజ్ లోపల చిన్న ధర్మామీటరు. లైటుని నమ్మకూడదు, చల్లదనం ఎంతో చదువుకోవాలి.

ఈ పని నేర్చుకునేవాళ్ళు ఈ పేరా రాసుకోండి, పనికొస్తుంది. ఎక్కువ తిరిగే బండికి ఇంజను, ఇల్లు చేరే బండికి ప్లగ్గు, ఒకచోట కూర్చునే బండికి ఎండ. మందు మోసే బండికి మూడూ ఉండాలి. ఒకటి పోతే ఇంకొకటి కాపు కాయాలి.

నేను మాత్రం అప్పుడు చేసింది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. అంత శ్రద్ధగా నా జీవితంలో ఏ బండికీ పని చెయ్యలేదు, అంత పిరికిగానూ చెయ్యలేదు. చేతిలో పానా ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా.

ధవళేశ్వరంలో

అయిదో రోజు వ్యాను తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రత్నం గారు ఇంటికొచ్చేశారు. వరండాలో కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకున్నారు. బాగా చిక్కిపోయారు. టీచరు గారు గిన్నెతో జావ తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన తాగి గిన్నె పక్కన పెట్టారు. కాలవలంటూ ఊళ్ళంటూ గలగలా మాట్లాడే మనిషి నాతో ఒక్క మాట అనలేదు.

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఇంతేనండి" అన్నారు టీచరు గారు నెమ్మదిగా. "బీరువా తాళం కూడా నా కొంగునే కట్టుకుంటున్నాను, ఏ డబ్బాలోది తీసి తింటారోనని. ఆయన నోరు కట్టుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు. మీరు పాపం అనవసరంగా శ్రమ పడ్డారు."

ఇంక తట్టుకోలేకపోయాను.

"ఆయన ఏమీ తినలేదమ్మా" అన్నాను. "మందు చెడిపోయింది. ఫ్రిజ్ తిరగలేదు. నీడలో పెడితే ఆ ప్యానెల్ పనిచెయ్యదు. నేనది మీకు చెప్పలేదు. మొదటిసారి కూడా బ్యాటరీలో లోపం లేదు. నాకు అప్పుడే తెలుసు. మీరు తోటలోంచి ఫోన్ చేసినప్పుడూ తెలుసు."

టీచరు గారు నన్ను తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. రత్నం గారు మాత్రం నా వైపు తిరగనే లేదు. కాలి వైపూ చూసుకోలేదు. తలెత్తి భార్య మొహంలోకి చూశారు.

"తినలేదని చెప్పాను కదే" అన్నారు.

ఆవిడ తాళం కట్టిన కొంగు ముడి విప్పడానికి ప్రయత్నించారు. రాలేదు. ముడి ఊడకుండానే ఆయన కుర్చీ పక్కన నేల మీద కూలబడి, ఆ కట్టు మీద చెయ్యి వేసి ఏడ్చారు.